గుజ్జు ఆగుతుంది, కాయ ఆగదు

2025 మామిడి కోతల కాలంలో మేము నాలుగు కుటుంబాల స్నేహితులం కలిసి, తిరుపతి నుండి దామలచెరువు మీదుగా చిత్తూరు వెళ్లి, అక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చూసి వచ్చాము.

మన ప్రాంతపు తోతాపురి ఎక్కువగా గుజ్జుకే పోతుంది. కాయలను కొన్ని రోజులు మాగబెట్టి, కుళ్లినవి ఏరివేసి, కడిగి, టెంక తీసి, గుజ్జును జల్లెడ పట్టి వేడిచేస్తారు. గాలి సోకని సంచుల్లో నింపి ఇనుప డ్రమ్ముల్లో పెడతారు. ఒక్కో డ్రమ్ములో సుమారు 215 కిలోలు. అది సుమారు ఏడాదిన్నర చెడకుండా ఉంటుంది. ఓడలెక్కి గల్ఫ్ దేశాలకు, ఐరోపాకు పోతుంది. పిల్లలు కన్నార్పకుండా చూశారు.

గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. లోపలి డ్రమ్ము ఏడాది దాటినా ఆగుతుంది. బయటి కాయ వారం ఆగదు. అందుకే బేరంలో రైతే ముందు తగ్గవలసి వస్తుంది. ఆ ఏడాది ధర పడిపోగా, ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కాలని చెప్పింది: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ రేటు కోసమే రైతులు రాత్రింబవళ్లు బండ్ల దగ్గర కాచుకున్నారు.

తోట ఉన్న కుటుంబాలకు ఒక మాట. తోటంతా తోతాపురే పెట్టకండి. బేనీషా, నీలం కొన్ని ఉంటే కోతలు వేర్వేరు వారాల్లో వస్తాయి. ఫ్యాక్టరీవారు ఏ రోజు దించుకుంటారో అడిగి తెలుసుకున్నాకే కాయ కోయండి. కాటా చీటీ భద్రంగా దాచుకోండి. మిగిలిన పండ్లతో ఇంట్లో తాండ్ర పోసుకోండి. చెట్టు మీది కాయ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది గాని, బండెక్కిన కాయ ఓర్చుకోదు.