తెలిసిన కన్నాన్ని పూడ్చేదెవరు?

"గోదావరి ఎన్ని అడుగులుంది?" వానాకాలం వచ్చిందంటే భద్రాచలం, బూర్గంపాడు, దుమ్ముగూడెం వైపు ఇంటింటా వినిపించే మాట ఇది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ అంకెకి బియ్యం బస్తా అటకెక్కించాలో, ఏ అంకెకి పిల్లల్ని తీసుకుని బయల్దేరాలో అక్కడి ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటినా కరకట్ట నిలబడింది. కానీ స్లూయిస్‌ల దగ్గర లీకైన నీళ్లు కాలనీల్లోకి రానే వచ్చాయి. గట్టు ఎంత ఎత్తున్నా, దాని బలం తేలేది కన్నాల దగ్గరే!

ఈ రోజుల్లో మన బతుకు వివరాలన్నీ మరో రకం గట్టు వెనక ఉంటున్నాయి. పొదుపు సంఘం అప్పు, అంగన్‌వాడీలో బిడ్డ బరువు, ఆసుపత్రిలో స్కానింగ్ రిపోర్టు, అమ్మాయి కాలేజీ ఫీజు... అన్నీ ఏదో ఒక ఆఫీసు కంప్యూటర్లోనే. ఆ కంప్యూటర్లని నడిపే సాఫ్ట్‌వేర్ రాసేది మనుషులే కాబట్టి అందులో లొసుగులు ఉండక తప్పదు. లొసుగు ఉండటం తప్పు కాదు. ఉందని తెలిశాక కూడా పూడ్చకపోవడమే తప్పు.

హాక్‌ఐ సంగతే తీసుకోండి. ఆపదలో ఉన్న ఆడపిల్ల ఒక్క మీట నొక్కితే పోలీసులకి కబురందేలా తెలంగాణ పోలీసులు నడిపే యాప్ అది. 2024లో అందులోని సమాచారం దొంగిలించి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాడు ఒక కుర్రాడు. సుమారు రెండు లక్షల మంది వివరాలు తన దగ్గరున్నాయన్నాడు. ఆ ఏడాది జూన్‌లో పోలీసులు అతణ్ణి పట్టుకున్నారు. చూస్తే ఇరవై ఏళ్ల విద్యార్థి! బలహీనమైన పాస్‌వర్డో, బయటపడిన పాస్‌వర్డో వాడుకుని లోపలికి వచ్చి ఉంటాడని, డబ్బుకి సంబంధించిన వివరాలేవీ పోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. నిజమే కావచ్చు. కానీ రక్షణ కోసం తన ఫోను నంబరిచ్చిన ఆడపిల్లకి డబ్బొక్కటేనా పోగొట్టుకునేది? ఆ నంబరూ, చిరునామా ఎవరి చేతిలో పడ్డాయోనన్న భయానికి ఏ లెక్క కట్టాలి?

అంతకు ఏడేళ్ల ముందు జరిగిన సంగతి ఇంకా కళ్లు తెరిపిస్తుంది. విండోస్‌లో ఉన్న ఒక లొసుగుకి మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14న మందు ఇచ్చింది. దాన్నే ప్యాచ్ అంటారు, మన భాషలో చెప్పాలంటే అతుకు. దాదాపు రెండు నెలలకి, మే 12న, 'వన్నాక్రై' అనే వైరస్ అదే కన్నంలోంచి దూరి 150 దేశాల్లో లక్షల కంప్యూటర్లకు తాళం వేసింది. బ్రిటన్‌లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అతుకు చేతికొచ్చి దాదాపు రెండు నెలలైనా ఎన్నో ఆఫీసులు వేయనే లేదు!

2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లకి ఇలాంటి తాళమే పడింది. తీయాలంటే డబ్బు ఇమ్మన్నారు దొంగలు. వివరాలన్నిటికీ వేరే చోట నకలు దాచి ఉండబట్టి గండం గడిచింది.

మరి ఆఫీసులు చేయాల్సిందేమిటి? ఇల్లు నడిపే ఆడదానికి ఇందులో తెలియనిది లేదు. మొదట, ఇంట్లో ఏమేం ఉన్నాయో జాబితా ఉండాలి. మూలపడ్డ పాత కంప్యూటరు కూడా అందులో ఉండాలి, దొంగ దూరేది ఆ దారినే. రెండోది, ఏది ముందో తేల్చుకోవాలి. గోదావరికి అడుగులున్నట్టే లొసుగులకీ సున్న నుంచి పది దాకా మార్కులు వేస్తారు. తొమ్మిది దాటితే మూడో హెచ్చరిక కిందే లెక్క. మూడోది, ఎన్ని రోజుల్లో పూడ్చాలో గడువు, ఎవరు పూడ్చాలో ఒక పేరు రాసిపెట్టుకోవాలి. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు. నాలుగోది, నకలు వేరుగా దాచాలి. అయిదోది, "మీ తలుపు తీసి ఉంది" అని చెప్పినవాళ్ల మీద కేకలేయకుండా వినాలి.

ఈ అయిదోదే మనవాళ్లకి కష్టం. ఖమ్మంలోనైనా, కొత్తగూడెంలోనైనా చిన్న ఆసుపత్రి, కాలేజీ, సొసైటీ ఆఫీసు చూడండి. కంప్యూటర్ ముందు కూర్చునేది చాలాచోట్ల చాలీచాలని జీతానికి పనిచేసే ఒక అమ్మాయే. "సార్, అప్‌డేట్ అడుగుతోంది" అంటే, "ఇప్పుడొద్దమ్మా, పని ఆగిపోతుంది" అంటారు. రేపు ఏదన్నా జరిగితే మాత్రం "నువ్వే ఏదో నొక్కావ్" అని ఆ పిల్ల మీదికే పోతారు. నిర్ణయం పెద్దలది, నింద చిన్నవాళ్లదా? ఇదెక్కడి న్యాయం? 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా అందే భద్రతా సవరణలు ఆగిపోయాయి. ప్రత్యేకంగా పొడిగింపు తీసుకోని ఆఫీసుల్లో ఇకపై బయటపడే కన్నాలకి అతుకే రాదు. ఆ సంగతి ఎంతమంది యజమానులకి పట్టింది?

చట్టం ఊరుకోలేదు. ఇలాంటి దాడి జరిగితే ఆరు గంటల్లోగా కేంద్ర సంస్థ సర్ట్-ఇన్‌కి చెప్పి తీరాలని 2022లో ఆదేశాలు వచ్చాయి. మన వివరాలకి తగిన కాపలా పెట్టని సంస్థకి రూ.250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చంటోంది 2023 నాటి చట్టం. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. కానీ అడిగేవాళ్లు లేకపోతే చట్టం అలమారలో పట్టుచీరే!

కాబట్టి అడుగుదాం. ఆధార్ జిరాక్స్ అడిగినచోట "ఇది ఎందుకు, ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు?" అని అడుగుదాం. పొదుపు సంఘం సమావేశంలో, పిల్లల బడి మీటింగులో ఒక్కసారి ఈ ప్రశ్న వేద్దాం. అక్కడ పనిచేసే అమ్మాయి లోపం ఉందని చెబితే ఆమె పక్షాన నిలబడదాం. వరద వచ్చాక ఇసుక బస్తాలు మోసేకన్నా, వేసవిలోనే స్లూయిస్ తలుపులు బాగుచేయించుకోవడం తేలిక. అది గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకి వేరే చెప్పాలా?