వదిలి వెళ్ళినవాడూ, వెళ్ళని ఆమే

"సార్, మన ప్లేయరే అవతలి టీమ్‌కి ఆడితే ద్రోహం కాదా?" నిన్న క్లాసులో ఒక కుర్రాడి ప్రశ్న. వాడడిగింది ఐపీఎల్ గురించి. నాకు హాకీ గుర్తొచ్చింది.

1988 ఆగస్టు 9న కెనడాలోని ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు వేన్ గ్రెట్జ్కీని లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కి ఇచ్చేసింది. నాలుగు స్టాన్లీ కప్పులు గెలిపించినవాడు మైకు ముందు ఏడ్చేశాడు. బేరంలో కోటిన్నర డాలర్లు చేతులు మారాయి. జనం తగలబెట్టింది ఆటగాడి బొమ్మ కాదు, ఓనర్ పాక్లింగ్టన్ దిష్టిబొమ్మ. (కొందరు గ్రెట్జ్కీ భార్యనీ ఆడిపోసుకున్నారు. ఆ బుద్ధి అక్కడా ఉంది.) మరుసటి ఏడాది అక్టోబరులో అతను గోర్డీ హౌ 1850 పాయింట్ల రికార్డు దాటింది ఎడ్మంటన్‌లోనే, ఆయిలర్స్ మీదే. ఊరు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అవతలి జెర్సీలో ఉన్నా మనవాడే అనుకుంది.

మరి వందనా కటారియా? ఆమె ఏ జట్టుకీ పోలేదు. టోక్యోలో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళ అయింది. 2021 ఆగస్టు 4న సెమీఫైనల్లో అర్జెంటీనా మీద ఓడిపోగానే, హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. దళితులు ఎక్కువమంది ఉండబట్టే జట్టు ఓడిందన్నారట.

దేశం ఓడితే టపాకాయలు కాల్చినవాళ్ళు ఏ జట్టు అభిమానులు? సోమవారం ఆ కుర్రాణ్ణి ఇదే అడగబోతున్నాను.