క్యాన్సర్ కాదంటే సరిపోతుందా?

కడుపునొప్పితో వచ్చేవారికి కిడ్నీలో రాయి ఉందేమోనని సి.టి. స్కాన్ రాస్తారు. తొర్రూరు చుట్టుపక్కల ఊళ్లవారు కొందరు వరంగల్ వెళ్లి తీయించుకొస్తారు. ఒక్కోసారి రాయి సంగతితోపాటు, "అడ్రినల్ గ్రంథిలో 2 సెంటీమీటర్ల గడ్డ" అని కూడా రిపోర్టులో ఉంటుంది. డాక్టరుగారు చూసి ఇది క్యాన్సర్ గడ్డలా లేదంటారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. రిపోర్టు ప్లాస్టిక్ కవరులోకి, కవరు బీరువా మీదికి చేరుతుంది.

"ఏం భయం లేదమ్మా, వెళ్లిరా" అని మేమూ ఎందరినో పంపించాం. అది సగం మాటేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

అడ్రినల్ గ్రంథులు రెండూ కిడ్నీల మీద టోపీల్లా ఉంటాయి. ఒక్కొక్కటి 5 గ్రాముల బరువైనా ఉండదేమో. అయినా బి.పి.ని, షుగరును, ఒంట్లోని ఉప్పును అదుపు చేసే హార్మోన్లు అక్కడ తయారవుతాయి. 50 ఏళ్ల వయసులో నూటికి సుమారు ముగ్గురికి ఇలాంటి గడ్డ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. చాలావరకు క్యాన్సర్ కావు.

అయితే వీటిలో 20 నుంచి 50 శాతం గడ్డలు కార్టిసాల్ అనే హార్మోనును అవసరం లేకున్నా కొద్దికొద్దిగా వదులుతుంటాయి. పైకి ఏ గుర్తూ కనబడదు. లోలోపల బి.పి. పెరుగుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. హార్మోను వదలని గడ్డలున్నవారికి కూడా షుగరు వచ్చే అవకాశం ఎక్కువని 2016లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం తెలిపింది.

మరి ఏం చేయాలి? రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ వేసుకొని, మర్నాడు ఉదయం 8 గంటలకు రక్తం ఇవ్వాలి. కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాములు దాటితే గడ్డ తన ఇష్టానికి పనిచేస్తోందేమోనని అనుమానించాలని 2023 నాటి యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బి.పి. ఉన్నవారికి ఆల్డోస్టెరాన్, పొటాషియం పరీక్షలు కూడా కావాలి. మిగతావి డాక్టరుగారు చూసి రాస్తారు. మోకాళ్ల నొప్పులకు స్టెరాయిడ్ బిళ్ళలు, సూదులు తీసుకుంటుంటే దాచకుండా చెప్పండి. లేకపోతే పరీక్ష తప్పుదోవ పట్టిస్తుంది. వాటిని మీ అంతట మీరు హఠాత్తుగా మానకూడదు కూడా.

"కూలి మానుకొని వచ్చినవాళ్లకి ఇంకో పరీక్షా సిస్టరమ్మా?" అని అడుగుతారు. నిజమే. కానీ ఇది ఒక బిళ్ళ, ఒక రక్తపరీక్ష. పక్షవాతం వస్తే మంచాన పడేది ఒకరే అయినా కూలి పోయేది ఇంట్లో ఇద్దరికి. గడ్డ ఉన్న ప్రతివారికీ ఆపరేషన్ అవసరం లేదు. చాలామందికి బి.పి., షుగరు అదుపులో పెట్టుకోవడమే వైద్యం. పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి.

ఇది డాక్టర్ల పనే అని మేము తప్పించుకోకూడదు. గడ్డ సంగతి కేసుషీటు పైన రాయడం, బి.పి., షుగరు, బరువు ఏడాదికోసారైనా చూడడం మా నర్సుల పని. బీరువా మీది కవరు దించి తీసుకురావడం మీ పని. ఈసారి వచ్చినప్పుడు పాత స్కాన్ రిపోర్టు కూడా పట్టుకురండి. అందులో ఏముందో మీతో కూర్చొని చదువుతాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్, తొర్రూరు