గట్టు మీద గద్దలు, తీగ మీద దారం

మనకు ఆకాశంలో కనిపించేదల్లా గద్దే. ఈ చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే హిమాయత్‌సాగర్ గట్టుకు వెళ్లి చూడండి. తోక చీలి ఉంటే నల్ల గద్ద. తల తెల్లగా, ఒళ్లు ఇటుక రంగులో ఉంటే గరుడ పక్షి. తెల్లటి పొట్ట, కంటి మీదుగా నల్ల చార ఉంటే ఆస్ప్రే. ఇది చలికాలపు చుట్టం. కాళ్లు ముందుకు చాచి నీళ్లలోకి దూకుతుంది. బయటి వేలు వెనక్కి తిప్పగలదు, ఇక జారిపోయే చేపైనా దొరికినట్టే! ఆ దూకడం చూడ్డానికి బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు.

నగరంలో తిరిగే నల్ల గద్దలకు గండం మాత్రం సంక్రాంతి మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా పండగ వెళ్లాక చెట్లకు, కరెంటు తీగలకు వేలాడుతూనే ఉంటుంది. నూలు దారమైతే కుళ్లిపోతుంది, ఇది అంత తొందరగా పోదు. రెక్కకు చుట్టుకుంటే కోసేస్తుంది. ఈసారి పతంగి తెగాక, మేడ దిగేముందు మిగిలిన దారం చుట్టి చెత్తబుట్టలో పడేయండి, ప్లీజ్.