మిలిటరీలో పడేస్తే బాగుపడతాడా?

తెలుగు ఇళ్లలో అల్లరి పిల్లవాడికి చిన్నప్పుడు బూచాణ్ణి చూపిస్తారు, కాస్త ఎదిగాక హాస్టలు చూపిస్తారు, మీసం మొలిచే వేళకి మిలిటరీ చూపిస్తారు. బూచాడు రాడని వాడికి అయిదో ఏటే తెలిసిపోతుంది. హాస్టలు గోడ ఎంత ఎత్తో చేరిన వారానికే తెలిసిపోతుంది. మిలిటరీ సంగతి మాత్రం పంపేవాళ్లకీ తెలియదు, వెళ్లేవాడికీ తెలియదు. అందుకే "వీణ్ణి తీసుకెళ్లి మిలిటరీలో పడేస్తే గానీ బాగుపడడు" అన్న మాట ఇంకా చెల్లుబాటవుతోంది. 2022 జూన్‌లో నాలుగేళ్ల సైనిక కొలువు పథకం అగ్నిపథ్ ప్రకటించాక దానికి టీవీ చర్చల హోదా కూడా దక్కింది. ఆ పథకం మంచిచెడ్డలు వేరే సంగతి. దాన్ని అడ్డం పెట్టుకుని, కుర్రాళ్లందరినీ నాలుగేళ్లు సైన్యంలో తిప్పితే దేశం మొత్తానికి క్రమశిక్షణ వచ్చేస్తుందని కోటు తొడుక్కుని చెప్పేవాళ్లు తయారయ్యారు. ఆ యూనిఫాం తొడిగి, ఇప్పుడు పింఛను తింటున్నవాణ్ణి. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ముందు చిన్న లోకజ్ఞానం. సైన్యంలో చేరాలంటే నడవడిక సర్టిఫికెట్ కావాలి. చదివిన బడి నుంచో, సర్పంచి దగ్గర నుంచో తెచ్చుకోవాలి. ఆ పైన పోలీసుల విచారణ ఉంటుంది. అంటే కుర్రవాడు మంచివాడేనని ఊరు సంతకం పెట్టి ఇస్తేనే సైన్యం గేటు తెరుస్తుంది. మనవాళ్లేమో వాణ్ణి మంచివాణ్ణి చేయించడానికి అక్కడికి పంపుతామంటారు! చెడిపోయినవాళ్లని చేర్చుకుని చక్కదిద్దే పని సైన్యం ఎన్నడూ ఒప్పుకోలేదు. దానికి సరిహద్దు కాసే పని ఒకటి ఉంది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి తరం తర్వాత తరం సైన్యంలోకి వెళ్లిన ఊరది. ఆ ఊళ్లో పుట్టినవాళ్లంతా దారి తప్పినవాళ్లే అనుకోవాలా?

సరే, చేరాక అల్లరి పోతుందా? ఇక్కడ నేను సాక్షిని. మా ఊళ్లో నేను కరణంగారి దొడ్లో జామకాయలు దొంగిలించిన బ్యాచిలోవాణ్ణి. అప్పట్లో మాకు పద్ధతంటూ లేదు. అందరం ఒకేసారి చెట్టెక్కేవాళ్లం, కుక్క అరిస్తే అందరం ఒకేసారి దూకేవాళ్లం, ఎవడో ఒకడు ముళ్లకంపలో పడేవాడు. దొరికినవాడు మిగతా అందరి పేర్లూ తండ్రుల పేర్లతో సహా అప్పజెప్పేవాడు. ట్రైనింగ్ సెంటర్లో ఆఫీసర్ల మెస్ వెనక రెండు మామిడిచెట్లు ఉండేవి. అవి కాపుకి వచ్చేసరికి మాకు ఫీల్డ్‌క్రాఫ్ట్ పాఠాలు అయిపోయాయి. చీకట్లో చప్పుడు కాకుండా పాకడం, నీడలో నిలబడటం, చేతి సైగలతో మాట్లాడుకోవడం, వెనక్కి మళ్లే దారి ముందే చూసిపెట్టుకోవడం అన్నీ వచ్చేశాయి. ఒకడు పహరా, ఇద్దరు చెట్టు మీద, ఒకడు కింద దుప్పటి పట్టుకుని. కాయ నేలన పడ్డ చప్పుడు లేదు. మర్నాడు హవల్దార్ బ్యారక్ అంతా నిలబెట్టి అడిగాడు. ఒక్కడూ నోరు మెదపలేదు. జట్టులోవాణ్ణి పట్టివ్వకూడదని నేర్పింది ఆయనే మరి. అందరికీ కలిపి రగడా పడింది. ఎండలో మైదానం చుట్టూ పొర్లుదండాలు పెట్టాం. అల్లరి పోలేదు, డ్రిల్ నేర్చుకుంది.

కిట్ ఇన్‌స్పెక్షన్ అనే పండగ ఇంకొకటి. పరుపు మీద దుప్పటి గీత గీసినట్టుండాలి, మగ్గూ పళ్లెమూ అద్దాల్లా ఉండాలి, బూటు ముక్కులో డ్రిల్ నేర్పే ఉస్తాద్‌కి ఆయన మీసం కనబడాలి. కొత్తగా చేరిన రంగరూట్లు రెండో వారానికే దీనికి విరుగుడు కనిపెడతారు. చూపించడానికి ఒక మగ్గు, తాగడానికి ఒక మగ్గు. మడిచిన దుప్పటి నలగకుండా మంచం మీద ఉంటుంది, మనిషి నేల మీద పడుకుంటాడు. బయటినుంచి చూసిన బంధువు దీన్నే క్రమశిక్షణ అని మురిసిపోతాడు. లోపలున్నవాడికి అది తనిఖీ చేసేవాడి కన్నుగప్పే విద్య. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం మనమే పెట్టిన విద్యకి అది అన్నగారు.

భాష తెచ్చిపెట్టే కష్టాలు తెలుగు కుర్రాళ్లకి ప్రత్యేకం. వెనక్కి తిరగమనడానికి పరేడ్ గ్రౌండులో "పీఛే ముడ్" అని కేకేస్తారు. మొదటిసారి విన్న రోజు వరసలో ఉన్న తెలుగువాళ్లందరికీ ఒకేసారి ఏం గుర్తొచ్చిందో నేను చెప్పనక్కర్లేదు. భుజాలు కదిలాయి. ఎందుకు నవ్వారని ఉస్తాద్ అడిగితే ఏ భాషలో చెప్పగలం? నవ్వినవాళ్లం ఫ్రంట్ రోల్స్ కొట్టాం. అంతటితో అయిందా? మా పక్కన ఉన్న పంజాబీ వాడు ఎలాగో కూపీ లాగాడు. మర్నాటికి స్క్వాడ్ మొత్తానికి అర్థం తెలిసిపోయింది. ఆ కేక వినబడగానే పంజాబీ, బిహారీ, మలయాళీ తేడా లేకుండా అందరి బుగ్గలూ ఉబ్బేవి. జాతీయ సమైక్యత అని మాకు క్లాసులు చెప్పేవారు గానీ, అది కుదిరింది మాత్రం ఆ మాట దగ్గరే.

ఇవన్నీ కాలక్షేపం కబుర్లని, అసలు సైన్యం వేరని పెద్దమనుషులు పెదవి విరుస్తారు. అయితే చట్టం తెరుద్దాం. 1950 నాటి ఆర్మీ యాక్టులో 39వ సెక్షన్ చెప్పకుండా వెళ్లిపోయేవాడికి, సెలవు దాటినా రానివాడికి. లేని జబ్బు నటించేవాడి ప్రస్తావన 46లో ఉంది. తాగి తూలేవాడికి 48. వీటిలో దేనికీ చిక్కని తెలివైనవాణ్ణి పట్టుకోవడానికి 63 ఉంది: క్రమశిక్షణకి భంగం కలిగించే ఏ పనైనా అందులో ఇముడుతుంది. గేటు దాటి లోపలికి రాగానే మనిషి మారిపోతాడనుకుంటే ఈ చట్టం రాసినవాళ్లకి ఇన్ని సెక్షన్లతో పనేమిటి? వాళ్లకి కుర్రాళ్ల సంగతి మన టీవీ మేధావుల కంటే బాగా తెలుసు.

ఇంకా పైకి వెళదాం. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా కంటే పెద్ద సైనికుణ్ణి ఎవరూ చూపించలేరు కదా. వైద్యం చదవడానికి లండన్ పంపమంటే తండ్రి కుదరదన్నాడు. ఆ ఉక్రోషంతో పరీక్ష రాసి, 1932లో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ మొదటి బ్యాచిలో చేరినవాడాయన. మనింట్లో అల్లరి మాన్పించడానికి పంపుతామంటే ఆయన అలిగి వెళ్లాడు! 1942లో బర్మాలో ఒంట్లో తూటాలు దిగి, డాక్టరు ఆశ వదులుకోబోతూ ఏమైందని అడిగితే, కంచరగాడిద తన్నిందని జవాబిచ్చాడని సైన్యంలో అందరూ చెప్పుకుంటారు. ఆ చమత్కారం విని, ఇలాంటివాణ్ణి బతికించి తీరాలని డాక్టరు కత్తి పట్టాడట. 1971 యుద్ధం నడిపిన సైన్యాధిపతిలోంచి ఆ కొంటెతనాన్ని పదవులు గానీ పతకాలు గానీ ఊడబెరకలేకపోయాయి. ఊడబెరికి ఉంటే నష్టం మనకే.

సైన్యం ఏమీ నేర్పదని నేననడం లేదు. తెల్లవారుజామున లేపుతుంది, లంగర్‌లో పెట్టింది తినిపిస్తుంది, పక్కవాడి బరువు మోయిస్తుంది. అందులో ఆ చివరిదే అసలు చదువు. అదైనా భయం వల్ల వచ్చేది కాదు. కలిసి పొర్లుదండాలు పెట్టిన నలుగురు రాత్రి దుప్పటి కింద కడుపుబ్బ నవ్వుకుంటే వస్తుంది. చలికి వేళ్లు కొయ్యబారే పోస్టులో ఇంటి ఉత్తరం రాక మొహం వేలాడేసినవాణ్ణి లేపి కూర్చోబెట్టేవాడు బ్యారక్‌లోని కోతి. బుద్ధిమంతుడికి ఆ పని చేతకాదు. పేచీలేని పిల్లలు కొందరు మొదటి శీతాకాలానికే లోపల్లోపల కుంగిపోవడం చూశాను. అల్లరివాళ్లు ఆ చలిని కూడా ఏదో ఒక ఆట చేసుకున్నారు.

బాధ కలిగించేది మిలిటరీలో పడేయాలన్న మాట వెనకున్న నమ్మకం. కొట్టి, పొర్లించి, తిట్టి మనిషిని చేయవచ్చునన్నది ఆ నమ్మకం. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయినా మిలిటరీ క్రమశిక్షణ అని బోర్డు కట్టుకున్న రెసిడెన్షియల్ కాలేజీలకి పోటీపడి ఫీజులు కడుతున్నాం. ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు బొమ్మలేసిన బుడుగుని చదివి పడీ పడీ నవ్వే ఇళ్లే ఇవి. బుడుగు పుస్తకంలో ఉంటే ముద్దు, నట్టింట్లో ఉంటే మాత్రం వార్డెన్‌కి అప్పగించాలి.

మొన్న మా వీధిలో ఒక తండ్రి కొడుకుని చెయ్యిపట్టి లాక్కొచ్చాడు. "మీరైనా నాలుగు ముక్కలు చెప్పండి మాస్టారూ, మిలిటరీలో ఎలా తోలు తీస్తారో వినిపించండి" అన్నాడు. కుర్రవాడు మొలతాడంత సన్నగా ఉన్నాడు, కళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి. తోలు సంగతి పక్కనబెట్టి ర్యాలీలో ఏం చేయిస్తారో చెప్పాను. తొమ్మిదడుగుల గొయ్యి దూకాలన్నాను. మా పంటబోదె అంతకంటే వెడల్పే అన్నాడు. బీమ్ పట్టుకుని పది పుల్‌అప్‌లు తీస్తే పూర్తి మార్కులన్నాను. తండ్రికేసి ఓరగా చూసి, చింతకొమ్మ లెక్కలోకి వస్తుందా అన్నాడు. "1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తగలవురా?" అన్నాను.

వాడు కాస్త ఆలోచించి అడిగాడు. "వెనకాల ఎవరు తరుముతారు తాతగారూ?"