చెక్క రాకెట్ నాటి ఒడుపు
1983లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన యానిక్ నోవా చేతిలో ఉన్నది చెక్క రాకెట్. పురుషుల గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో దానికదే చివరి టైటిల్. దాని తల దాదాపు 65 చదరపు అంగుళాలే. ఇప్పటివి వందకు అటూ ఇటూ. పలుచని చెక్క పొరలను వంచి, అతికించి చేసేవారు. తేమకు వంకరపోకుండా చట్రంలో బిగించి దాచుకునేవారు. బంతి సరిగ్గా నడిమధ్య తగలకపోతే దెబ్బ తేలిపోయేది. 1960, 1961లో వింబుల్డన్ సెమీస్ చేరిన మన రామనాథన్ కృష్ణన్‌ది బలం కాదు, ఒడుపు. ఆ రాకెట్‌కు కావలసిందీ అదే. ఆ తర్వాత వచ్చిన గ్రాఫైట్ రాకెట్ వేగం తెచ్చింది, కాదనను. కానీ నెట్ దగ్గరికి దూసుకొచ్చి ఆడే ఆటను దాదాపు మింగేసింది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య రాకెట్ కొలతలకు పెట్టిన హద్దులు మరీ విశాలం. వాటిని కుదించాలి, కనీసం వింబుల్డన్ పచ్చిక మీదనైనా.