జింకమేత, పసులమేత

“జింకలు మా యావుల గడ్డినంతయు మేసివేయుచున్న” వని పసులకాపరుల యింటి బాలుడొకడు తరగతిలో మాతో మొఱపెట్టుకొనెను. ఆవులే జింకల గడ్డిని మేయుచున్నవని యడవిని కాపాడువా రందురు. ఇరువురి మాటలోను కొంత నిజము కలదు. కాని యీ తగవును నోటితో గాక నేలను చూచి తీర్పవలెనని మా యభిప్రాయము.

ఇట్టి తగవు ముదిరిన చోటు రోళ్లపాడు. అది నేడు నంద్యాల జిల్లాలోనిది. బట్టమేకపిట్టను రక్షించుటకై 1988లో నచ్చటి 614 హెక్టారుల గడ్డినేల యభయారణ్యముగా ప్రకటింపబడెను. పశువులు చొరకుండ కొంత నేలకు కట్టడి చేయగా గడ్డి పెరిగెను. గడ్డితోపాటు కృష్ణజింకయు పెరిగెను. (వాడుకలో నిదియు జింకయే గాని, దుప్పివలె నేటేట కొమ్ములు రాల్చునది కాదు.) కొలదిగా నుండినవి వందలకు చేరినవి. మేతనేల పోయెనని కాపరికి కోపము. మందలు చేలలో పడెనని రైతునకు కోపము. ఆ కోపము పాప మా పిట్టమీదికిని మరలెను. ఎవరికొఱకు గడ్డిని కాచిరో యా బట్టమేక నేడచ్చట కానవచ్చుటయే యరుదు.

వానకాలమున తగవు స్వల్పము. ఆవు నాలుకతో పొడుగు గడ్డిని చుట్టి లాగి తినును. జింక సన్నని మూతితో లేతచిగురు నేఱుకొనును. ఆవు మేసిపోయిన చోట చిగిర్చిన పచ్చిక దానికి రుచించుటయు కలదు. చిక్కంతయు వేసవిలోనిదే. ఏఱుకొనుట కేమియు మిగులదు. అన్ని నోళ్లు నొకే దుబ్బుమీద పడును. అప్పుడు గొఱ్ఱె యావుకంటె గట్టి పోటీదారు; దాని మూతియు జింక మూతివలె నేలనంటి కొఱుకును. ఆవును నిందించువారు గొఱ్ఱెలమందను మఱచుట మాకు వింతగా తోచును.

బీడునంతయు మూయుటయు, అంతయు తెఱచుటయు మాకు సమ్మతము కాదు. తొలకరి మొదలు గడ్డిగింజ రాలువఱకు నొక భాగమును మూసి, మఱుసటి యేట మఱియొకదానిని మూయవచ్చును. పంట పోయిన రైతునకు పరిహార మాలస్యము లేక యందవలెను; లేనియెడల జింకల పోషణవ్యయమును పేదవాని చేనే భరించును. బీళ్లను దున్నుచుపోవుటను గూర్చి యెవ్వరును మాటాడరు గాని, జింకకు నావుకును నడుమ నిరుకు తెచ్చినది ముఖ్యముగా నదియే.

ఆ బాలునకు మే మొక పని చెప్పితిమి. తన యూరి బీడులో వారమున కొకమాఱు ఆవులెన్ని, గొఱ్ఱెలెన్ని, జింకలెన్ని యని లెక్క వ్రాయుచున్నాడు. మొన్న తొలిపుటను తెచ్చి చూపెను. అందు గొఱ్ఱెలే యెక్కువ.